థార్‌కి ఏ ప్యాడ్లు, ఏ డిస్కులు అంటే... మొదట బండికి ఉన్న డిస్క్‌ను కొలిపించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఉండేది పాలమూరులో, ఫోర్ బై ఫోర్ థార్ 60 వేల కిలోమీటర్లు తిరిగింది, 80 స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. మెకానిక్ డిస్కులూ (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్లేలు), వాటిని నొక్కిపట్టి ఆపే ప్యాడ్లూ రెండూ మార్చమన్నాడు. ఆన్‌లైన్‌లో చూసిన సిరామిక్ ప్యాడ్లు, రంధ్రాల డిస్కులు వేయించాలా, కంపెనీ రకమే చాలా అని అడుగుతున్నారు.

కంపెనీ రకమే చాలు. రంధ్రాలు లేని మామూలు డిస్కులు, వాటికి తగిన ప్యాడ్లు, వాటితో పాటు తప్పకుండా కొత్త బ్రేక్ ఆయిల్. మీరు అడిగిన ఆ సిరామిక్ ప్యాడ్లు, రంధ్రాల డిస్కుల మీద నేను ముందే డబ్బు తగలేశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

మాది దేవరకొండ వైపు. పాత స్కార్పియో ఫోర్ బై ఫోర్ ఉంది. బత్తాయి తోటకు పోవాలంటే మూడు కిలోమీటర్లు మొరం బాట, వానాకాలమైతే మధ్యలో ఒక వాగు. పనుల రోజుల్లో యూరియా బస్తాలు, కాయల ట్రేలు అందులోనే. పండగా పబ్బమా వస్తే ఇంటిల్లిపాదీ ఎక్కి డిండి మీదుగా శ్రీశైలం. అంటే బురదలో దిగేదీ అదే బండి, ఘాట్ దిగేదీ అదే బండి.

మొదట మీకు వచ్చిన వణుకే నాకూ వచ్చింది. మా దగ్గరి షెడ్డులో ‘డిస్కులు లేత్ పట్టిద్దాం అన్నా, కొత్తగైతయ్’ అన్నారు. పట్టించాం, అంటే మిషన్ మీద డిస్క్ పైపొర చెక్కి చదును చేయించాం. రెండు నెలలు వెన్నలా ఆగింది, మూడో నెలలో మళ్లీ మొదలు. అప్పుడు మా మేనల్లుడు ఫోన్‌లో చూపించిన సిరామిక్ ప్యాడ్లు, రంధ్రాల డిస్కులు తెప్పించాను. అల్లాయ్ చక్రాల సందుల్లోంచి మెరుస్తుంటే చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కానీ మా చెలక మన్ను సంగతి తెలిసిందే కదా. ఆ రంధ్రాల్లోకి ఎర్ర బురద దూరి, ఎండి, ఇటుకలా గట్టిపడేది. ఒక ఆదివారం కూర్చొని సైకిల్ పుల్లతో ఒక్కొక్క రంధ్రం పొడిచాను. పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు వీధంతా వినబడేలా కీచుమనేది.

ఆ ఏడాదే శ్రీశైలం పోతున్నాం, బండిలో ఏడుగురం. మన్ననూరు దగ్గర ఫారెస్ట్ గేటు రాత్రి 9కి మూసేస్తారు, పొద్దున 6 దాకా వదలరు. గేటు అందుకోవాలన్న టెన్షన్‌లో అప్పటికే గట్టిగా తోలుతున్నాను. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో మూడో గేర్‌లోనే ఉండి, కాలు బ్రేక్ మీద పెట్టి దించుతున్నాను. ముందు కాలిన వాసన వచ్చింది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడి నేలదాకా పోయింది. గబగబా నాలుగైదుసార్లు తొక్కి, రెండో గేర్‌లోకి దించి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెం లాగుతూ పిట్టగోడ పక్కన ఆపాను. మా అత్తమ్మ ‘మల్లన్నా, నీ కొండకే వస్తున్నం కదయ్యా’ అని గట్టిగా అనేసింది. ముప్పావు గంట అక్కడే నిలబడ్డాం. చల్లారాక పెడల్ ఏమీ జరగనట్టు మళ్లీ పైకొచ్చింది.

తిరిగొచ్చాక ప్యాడ్ల మీద కోపంతో నల్గొండలో ఒక చాచా దగ్గరికి తీసుకుపోయాను. జీపుల కాలం నుంచి బ్రేకులే చూస్తున్న మనిషి. ఆయన ప్యాడ్ల వంక చూడలేదు. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా మూత తీసి, ‘ఇది ఎప్పుడు మార్చినవ్ బేటా?’ అన్నాడు. నేను ఎన్నడూ మార్చలేదు. అయిదేళ్ల ఆయిల్ చాయ్ డికాషన్ రంగులో ఉంది. తర్వాత వెనక డ్రమ్ములు విప్పాడు. డ్రమ్ము లోపల ఆనుకొని చక్రాన్ని ఆపే షూలను దగ్గరికి జరిపే అడ్జస్టర్లు ఎండిన బురదతో బిగుసుకుపోయి ఉన్నాయి. వెనక బ్రేకులు పేరుకే ఉన్నాయన్నమాట. ‘ముందటి రెండే మొత్తం బండిని ఆపుతున్నయ్, అవి కాలక ఏం చేస్తయ్?’ అన్నాడు. షెడ్డు మూలన పడేసిన నా పాత డిస్కులు తెప్పించి కొలిస్తే, వాటి మీద రాసి ఉన్న కనీస మందం కంటే అర మిల్లీమీటరు తక్కువ తేలాయి. లేత్ పట్టించిన నాడే అవి పనికిరానివి అయిపోయాయి.

ఘాట్‌లో రెండు రకాలుగా బ్రేకులు పోతాయని నాకు ఆ రోజే తెలిసింది. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయినట్టు. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగినట్టు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ అంటే ఈ ఆయిల్ గ్రేడు; డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140 దగ్గరికి పడిపోతుంది. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ఆయిల్ ఒత్తిడిని మోస్తుంది కానీ ఆవిరి నలిగిపోతుంది, అందుకే కాలు నేలదాకా పోతుంది. కాబట్టి ఆ రాత్రి తప్పు సిరామిక్ ప్యాడ్లది కాదు, వాటిని నేను ఊరికే తిట్టుకున్నాను. ఆ డబ్బులో చిన్న వంతు పెడితే ఆయిల్ మారేది. రెండేళ్లకోసారి మార్పించండి, మీ బండి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే. డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం వీటితో కలపకూడదు.

ఇక మీ వణుకు. బ్రేక్ తొక్కకుండానే వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ తగాదా, డిస్కులను ముట్టుకోకండి. తొక్కితేనే, అదీ స్టీరింగ్‌లోనే వస్తే ముందు డిస్కులు. సీటులో, పెడల్‌లో ఎక్కువ తెలిస్తే వెనక డ్రమ్ములు. అందరం ‘డిస్క్ వంకర పోయింది’ అంటాం కానీ, చాలాసార్లు అది నిజంగా వంగి ఉండదు. చుట్టూ తిరిగేసరికి ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటుంది. వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా చాలు చేతుల్లో వణుకు పుట్టడానికి. వేడెక్కిన బ్రేకును గట్టిగా తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం అక్కడే అంటుకొని ఈ తేడా మొదలవుతుంది. హబ్ (చక్రం మధ్యలో డిస్క్ కూర్చునే భాగం) మీద తుప్పు తీయకుండా కొత్త డిస్క్ బిగించినా ఇంతే. డిస్క్ కొంచెం ఏటవాలుగా కూర్చుంటుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేలోగా ఒకవైపు అరుగుతుంది. కొత్తవి వేయించిన మూడు నెలలకే మళ్లీ వణుకు అని గోల పెట్టేవాళ్లలో కొందరిది ఈ సంగతే. కాబట్టి బిగించే ముందు హబ్‌ను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దమని దగ్గర నిలబడి చెప్పండి. మెకానిక్ మొహం చిట్లించినా సరే.

డిస్క్ మార్చాలా వద్దా అన్నది మెకానిక్ నోటి మాట మీద కాదు, కొలత మీద తేలాలి. డిస్క్ మధ్య టోపీ భాగం మీదనో అంచు మీదనో కనీస మందం మిల్లీమీటర్లలో పోతపోసి ఉంటుంది. తుప్పు పడితే గీకి చూడండి. కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది. ప్యాడ్ తగలని అంచున గట్టు మిగిలిపోతుంది, వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) దాని మీద ఆనితే ఎక్కువ మందం చూపిస్తుంది. మైక్రోమీటర్ ఉంటే మంచిదే. లేకపోతే రెండు వైపులా ఒక్కో రూపాయి బిళ్ల పెట్టి కొలిచి, బిళ్లల మందం తీసేయండి. చాచా చేసింది అదే. నాలుగైదు చోట్ల కొలవాలి. కనీసానికి దగ్గరపడితే లేత్ మాట ఎత్తొద్దు, జతగా రెండూ మార్చండి. ఇంకా మందం బాగా ఉండి, గీతలు వేలికి పెద్దగా తగలకపోతే, డిస్క్ విప్పకుండా బండి మీదనే లేత్‌తో ఒక పలుచటి పొర తీయించి కొత్త ప్యాడ్లు వేసుకోవచ్చు. కొత్త డిస్క్‌కి పాత ప్యాడ్లు మాత్రం వద్దు, పాత గాడులతో అవి సరిగా ఆనవు.

ప్యాడ్ల రకం విషయానికొస్తే, సిరామిక్‌కి నల్లటి పొడి తక్కువ, హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే కారుకు అది సుఖమే. సెమీ మెటాలిక్ రకంలో ఇనుము, రాగి లాంటి లోహాల పాలు ఎక్కువ. వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ చక్రాలు నల్లగా చేస్తుంది, డిస్క్‌ను కాస్త ఎక్కువ అరగదీస్తుంది. బరువైన బండితో, బస్తాలతో ఘాట్ దిగేవాళ్లకు నేను దీన్నే చెప్తాను. ప్యాడ్ వెనక రేకు మీదనో పక్కననో అచ్చులో చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి, ఎఫ్‌ఎఫ్, జీజీ, ఈఎఫ్ లాగా. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలాక పట్టు. ఈ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే కిందికి పడిన ప్యాడ్ మన ఘాట్‌కు వద్దు. ఎఫ్‌ఎఫ్ అయితే హాయిగా సరిపోతుంది. అయితే ఈ అక్షరాలు పట్టు సంగతి చెప్తాయి తప్ప, ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పవు. బయటి దేశాల సరుకైతే ఈసీఈ ఆర్ 90 అనే యూరప్ ప్రమాణం ముద్ర చూడండి. కంపెనీ ప్యాడ్ పనితీరుకు అటూ ఇటూ 15 శాతంలోనే ఉందని పరీక్షించాకే ఆ ముద్ర ఇస్తారు.

షోరూమ్ ధర భారమనిపిస్తే రాణే, బ్రేక్స్ ఇండియా, బాష్ లాంటి వాళ్ల ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. పాలమూరులో లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. పార్ట్ నంబర్ రాసుకొని పోండి, బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే ఆ డబ్బా డూప్లికేట్ అనుకొని బయటికి రండి.

మీరు టైర్లు పెద్దవి వేయించారా? ప్రశ్నలో రాయలేదు. థార్ కొన్నవాళ్లు సగం మంది ముందు చేసేది అదే కాబట్టి అడుగుతున్నాను. చక్రం వ్యాసం పెరిగిన మేర అదే బ్రేకుకు బండిని ఆపే బలం తగ్గుతుంది, చక్రం బరువు కూడా తోడవుతుంది. ఆ లోటు ప్యాడ్లతో పూర్తిగా తీరదు.

బిగించే రోజు కాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగం) జారే పిన్నుల మీద దృష్టి పెట్టండి. కరిగెటలో, వాగులో దిగే బండికి ముందు పోయేవి అవే. రబ్బరు తొడుగు చిరిగి మన్ను దూరితే కాలిపర్ కదలదు, లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది కొత్తగానే ఉంటుంది. విప్పిన పాత ప్యాడ్లు నాలుగూ అడిగి తీసుకొని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది అక్కడే తెలుస్తుంది. పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి, చక్రాల బేరింగ్ గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. మీ థార్‌కీ వెనక డ్రమ్ములే, వాటినీ అదే రోజు విప్పించి శుభ్రం చేయించండి. హ్యాండ్ బ్రేక్ లివర్ మామూలు కంటే పైదాకా వస్తోందంటే వెనక షూలు దూరంగా ఉన్నట్టే. డ్రమ్ములోని పొడిని గాలి పైపుతో ఊదుతుంటే మాత్రం దూరం జరగండి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిబట్టతో తుడవమనండి.

కొత్త ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి అలవాటు పడాలి. తెల్లారుజామున ఖాళీ రోడ్డు చూసుకొని 60 స్పీడు నుంచి 20 దాకా మోస్తరుగా తొక్కి వదలండి, పూర్తిగా ఆపొద్దు. పదిసార్లు అలా చేశాక అయిదారు కిలోమీటర్లు బ్రేక్ ముట్టకుండా తోలితే చల్లారుతుంది. వేడి మీద ఉన్న డిస్కులతో నేరుగా వాగులోకి దించొద్దు, పగుళ్లు రావచ్చు. నీళ్లలోంచి బయటికి వచ్చాక రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

శ్రీశైలం దిగేటప్పుడు రెండో గేర్‌లో ఇంజన్‌తోనే పట్టించండి, బ్రేక్‌ను కాసేపు తొక్కి పూర్తిగా వదిలేయండి, అదే పనిగా ఆనించి ఉంచొద్దు. ఫోర్ హై (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోయే మామూలు వేగం మోడ్) వేస్తే బాగా ఆగుతుందని మా ఊళ్లో ఒకాయన వాదిస్తాడు. పొడి తారు రోడ్డు మీద అది వేయకండి. ముందు వెనక ఇరుసులు మలుపుల్లో ఒకే వేగంతో తిరగలేక గేర్లు బిగుసుకుంటాయి. ఇక ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ వేగం తగ్గించి లాగుడు పెంచే మోడ్) గుట్ట బాటలకు, కరిగెటలకు.

రేపు చక్రం విప్పించినప్పుడు డిస్క్ మందం ఎంత వచ్చిందో, దాని మీద రాసి ఉన్నది ఎంతో, లోపలి బయటి ప్యాడ్లు ఎంతెంత మిగిలాయో ఇక్కడ రాయండి. లేత్‌తో సరిపోతుందా, రెండు డిస్కులూ కొనాల్సిందేనా చూసి చెప్తాను.