ఫైన్ కడితే కేసు పోతుందని ఒప్పేసుకోకండి

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. డిగ్రీ అయిపోయి ఎస్‌ఐ పరీక్షకు చదువుతున్నాడు. పోయినేడాది బండి పెట్టే చోటు గురించి పక్కింటి కుర్రాడితో గొడవపడి చెయ్యి చేసుకున్నాడు. భారతీయ న్యాయ సంహిత 115(2) కింద మెజిస్ట్రేట్ కోర్టులో కేసు నడుస్తోంది. తప్పు ఒప్పుకుంటే ఫైన్‌తో పోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వాయిదాలకు తిరగలేకపోతున్నాం. ఒప్పుకోమంటారా? - ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. మీ లాయరుతో కూర్చుని అన్నీ మాట్లాడుకునే వరకు ఆ మాట కోర్టులో అననివ్వకండి.

ఫైన్ కడితే పోయేది వాయిదాల బాధ మాత్రమే. నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడంటే, అది శిక్ష పడిన కేసే. 115(2) కింద ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. చట్టం లెక్కలో చిన్న సెక్షనే. కానీ రేపు సెలెక్ట్ అయ్యాక మీవాడి చేతికి అటెస్టేషన్ ఫారం ఇస్తారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఇప్పుడు కేసేమైనా పెండింగ్‌లో ఉందా అని వరసగా అడుగుతుంది. ఒక్కోదానికీ అవును, కాదు అని రాయాలి. ‘చిన్న గొడవే’ అని చెప్పుకునే గడి అందులో ఉండదు.

ఇది రాజీ కుదిరే సెక్షన్. దెబ్బలు తిన్న కుర్రాడు ఒప్పుకుంటే కోర్టులోనో, లోక్ అదాలత్‌లోనో రాజీ పడొచ్చు. అలా రాజీ పడితే చట్టప్రకారం నిర్దోషిగా విడుదలైనట్టే. ఫైన్‌కీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అయితే కేసులో ఇంకేవైనా సెక్షన్లు కలిపారేమో చార్జిషీట్‌లో చూసుకోండి. కర్రో కత్తో వాడారని రాసి ఉంటే లెక్క మారిపోతుంది. రాజీ కోసం పెద్దమనుషుల్ని పంపే ముందు మీవాడే వెళ్లి క్షమాపణ అడిగితే బాగుంటుంది. చెయ్యి చేసుకున్నది అతనే కదా. ఆ కుర్రాడికీ మనసుకు కష్టం కలిగి ఉంటుంది. లాయరుకు చెప్పి వెళ్లనివ్వండి. వాళ్లు వద్దంటే మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లి ఒత్తిడి చేయకండి, అది ఇంకో కేసుకు దారితీస్తుంది.

రాజీ అయినా ఫారంలో దాచకూడదు. నా దగ్గరకొచ్చే పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. కేసు పోయింది కదా, ‘లేదు’ అని రాసేద్దాం అంటారు. పోలీస్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే, అసలు గొడవ కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. అడిగిన వివరాలు నిజంగా రాయాలని, చిన్న వయసులో జరిగిన చిన్న నేరమైతే ఉద్యోగమిచ్చేవాళ్లు దాన్ని మన్నించే వీలుందని అంది. నిజం రాసినవాళ్లను కూడా తీసుకోవాలా వద్దా అని ఆలోచించే హక్కు వాళ్లకు ఉంటుందనీ చెప్పింది. పోలీసు ఉద్యోగం కాబట్టి మీవాడి విషయంలో ఆ పరిశీలన మరింత గట్టిగా ఉంటుంది. రాజీతో ఉద్యోగం ఖాయమని నేను మాటివ్వలేను. ఎస్‌ఐతో పాటు గ్రూప్స్, బ్యాంకు పరీక్షలూ రాయించండి.

రాజీ కుదరక, విచారణలో నేరం రుజువైతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం (జైలుకు పంపకుండా మంచి నడవడిక హామీ మీదో, మందలించో వదిలే చట్టం) కింద విడుదల అడగమని లాయరుకు చెప్పండి. శిక్ష వల్ల వచ్చే అనర్హత నుంచి అది కొంత కాపాడుతుంది. ఫారంలో మాత్రం అప్పుడూ నిజమే రాయాలి.

కేసు ఎలా ముగిసినా తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి. వెరిఫికేషన్‌కు అడిగినప్పుడు కోర్టు చుట్టూ పరుగెత్తే టెన్షన్ ఉండదు. పరీక్ష రోజే కోర్టు వాయిదా కూడా ఉంటే హాల్ టికెట్ జిరాక్స్ ముందుగానే లాయరుకు ఇవ్వండి, గైర్హాజరు పిటిషన్ వేస్తారు. చెప్పకుండా మానేస్తే వారెంట్ వస్తుంది.