8 అంగుళాల బ్రేక్ బూస్టరా, 11 అంగుళాలదా?

బ్రేక్ బూస్టర్ అంటే ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు ఏర్పడే వ్యాక్యూమ్‌తో (తక్కువ ఒత్తిడితో) కాలి బలాన్ని పెంచే గుండ్రటి డబ్బా. కస్టమ్ కారుకి 8 అంగుళాల అడ్డుకొలత ఉన్న డ్యూయల్ డయాఫ్రమ్ (రెండు రబ్బరు పొరల) బూస్టర్ వేసినా, 11 అంగుళాల సింగిల్ (ఒకే పొరది) వేసినా బ్రేక్ పెడల్‌కి అందే సాయం దాదాపు ఒకటే. బూస్టర్ బలం లోపలి రబ్బరు పొర వైశాల్యం మీద, దానికి ఇరువైపులా ఉన్న గాలి ఒత్తిడి తేడా మీద ఆధారపడుతుంది. 11 అంగుళాల పొరకి సుమారు 95 చదరపు అంగుళాలు. 8 అంగుళాలవి రెండు కలిస్తే 100. 7 అంగుళాల సింగిల్‌కైతే 38 మాత్రమే, బరువైన కారుకి అది చాలదు.

పాత అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కారు తీసుకోండి. వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) పక్కన 11 అంగుళాల డబ్బా తరచూ పట్టదు, 8 డ్యూయల్ పడుతుంది (కాకపోతే కాస్త పొడవు). అదే ఇంజిన్‌కి రేసింగ్ క్యామ్ (వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే షాఫ్ట్) వేస్తే ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) వ్యాక్యూమ్ 18 నుంచి 10 పాదరసం అంగుళాలకి పడిపోవచ్చు. అప్పుడు ఏ సైజుదైనా సాయం సగానికి దగ్గరగా వచ్చేస్తుంది; విడిగా వ్యాక్యూమ్ పంపు లాంటిది పెట్టుకోవాల్సి రావచ్చు.

పెద్ద బూస్టర్ వేస్తే కారు తొందరగా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. అది తగ్గించేది కాలి శ్రమని. గట్టిగా తొక్కితే చక్రాలు ఇప్పటికే లాక్ అవుతున్నాయంటే, ఆగే దూరాన్ని తేల్చేది టైర్ల పట్టే.