క్రెడిట్ అంటే జమా, అప్పా?

బాబూ, తొమ్మిది క్రెడిట్లు తీసుకోమని యూనివర్సిటీవారు, క్రెడిట్ లేదని బ్యాంకువారు, డబ్బు బదులు స్టోర్ క్రెడిట్ ఇస్తామని దుకాణంవారు అన్నారనీ, ఈ మూడూ ఒకటేనా అనీ అడిగారు. అమెరికా వచ్చిన నెలలోనే ఈ సందేహం కలిగిందంటే మీరు నాకంటే చాలా నయం.

లాటిన్‌లో 'క్రెదెరె' అంటే నమ్మడం, నమ్మి అప్పగించడం. 'క్రెదితుమ్' అంటే అలా నమ్మి ఇచ్చిన అప్పు. ఆ మాటే ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మన 'శ్రద్ధ' కూడా దీనికి తోబుట్టువేనని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. మీరు చదివారని ఒప్పుకుని యూనివర్సిటీ రాసుకునేది ఒక క్రెడిట్. దుకాణం మీకు బాకీ ఉన్నానని రాసిచ్చేది మరొకటి. ఈ రెండింటితో పెద్ద ప్రమాదం లేదు.

జేబుకు చిల్లు పెట్టేది బ్యాంకు క్రెడిట్. మన దేశంలో 'మీ ఖాతాలో క్రెడిట్ అయింది' అని మెసేజ్ వస్తే జీతం పడిందని సంబరపడేవాళ్లం కనుక, క్రెడిట్ అంటే జమేనని నాకు నాటుకుపోయింది. నిజానికి అది బ్యాంకువారి పద్దు. మీరు వేసిన డబ్బు వారు మీకు పడిన బాకీ కాబట్టి దాన్ని క్రెడిట్ అని రాసుకుంటారు. అక్కడ నమ్మి ఇచ్చినవారు మీరు, క్రెడిట్ కార్డు దగ్గర నమ్మి అప్పు ఇవ్వవలసినవారు వారు. ఇది తెలియక, అప్పు లేనివాడే అధిక సంపన్నుడన్న నాన్నగారి మాట పట్టుకుని, కిరాణా సరుకుల నుంచి పాత కారు దాకా అన్నీ డెబిట్ కార్డుతోనే కొన్నాను. తీరా అపార్ట్‌మెంట్ మారబోతే, లీజింగ్ ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పింది. అప్పులు ఎలా తీర్చానో చూసి లెక్కకట్టే క్రెడిట్ స్కోరు ఉండవలసిన గడి ఖాళీగా ఉంది. ఎవరికీ బాకీ లేని పెద్దమనిషినని నేననుకుంటుంటే, వారి లెక్కలో నేను అసలు లేనే లేను. అద్దె కాక రెండు నెలల అడ్వాన్సు కట్టించుకున్నారు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను.

ఆ తర్వాత 300 డాలర్లు బ్యాంకులో హామీగా డిపాజిట్ చేసి, దాని మీద ఇచ్చే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకున్నాను. దాన్ని కారుకు గ్యాస్ (మన పెట్రోలు) కొట్టించుకోవడానికే వాడి, బిల్లు రాగానే మొత్తం కట్టేస్తూ, ఎవరి పూచీకత్తూ లేకుండా ఇంటి లోను దాకా వచ్చాను. 1989లో వచ్చిన ఫైకో అనే క్రెడిట్ స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటుంది. కనీసం ఒక ఖాతాకు ఆరు నెలల వయసు రానిదే అది పుట్టదు. అందులో 35 శాతం బరువు గడువుకు కట్టారా లేదా అన్నదానిదే. తక్కిన నిబంధనలు మీరే చూసుకోగలరు, చదువుకున్నవారు.

ఒక్కటి మాత్రం వినండి. బిల్లులో 'మినిమమ్ డ్యూ' అని చిన్న అంకె ఒకటి కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలు అదే బిల్లు అనుకుంటారు. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుందే గాని మిగిలిన మొత్తం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ 'స్టేట్‌మెంట్ బ్యాలెన్స్' అన్న పెద్ద అంకెనే కట్టండి.