ఫిస్టులా ఒక్క రాత్రిలో మూసుకుపోదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. మా నాన్నగారికి 58 ఏళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా ఎనిమిది నెలలు బాగానే పనిచేసి, కిందటి నెల ఒక ఉదయం ఆగిపోయింది. ఆ రాత్రి ఆ చేయి తల కింద పెట్టుకుని పడుకున్నందుకే ఇలా జరిగిందని ఆయన కుమిలిపోతున్నారు. నిజమేనా? ఇప్పుడు మెడలో గొట్టం వేశారు, మోచేతి దగ్గర కొత్త ఫిస్టులా వేస్తామంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు తనదేనన్న బాధను ముందుగా ఆయన మనసులోంచి తీసేయండి. ఫిస్టులా అంటే ధమనిని సిరతో కలిపి కుట్టడం. తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన పలుచని సిరలోకి ధమని రక్తం ఉరవడిగా రావడంతో సిర వెడల్పై, గోడ గట్టిపడి, సూదులను తట్టుకోగలుగుతుంది. అయితే కొందరిలో ఈ మార్పు హద్దు దాటి, లోపలి పొరలో కణాలు పెరిగి, ముఖ్యంగా కుట్టుకు కాస్త అవతల దారి నెలల తరబడి సన్నబడుతూ వస్తుంది. అలా సన్నబడిన చోట, డయాలసిస్‌లో నీరు ఎక్కువగా తీసి బీపీ పడిపోయిన రోజునో, చేయి నొక్కుకుపోయిన రాత్రో రక్తం గడ్డకడుతుంది. కాబట్టి ఆ నిద్ర చివరి కారణమైతే అయి ఉండవచ్చు గానీ అసలు కారణం కాకపోవచ్చు.

ఇంతకుముందు ఆయనకు మెడ లేదా భుజం దగ్గర గొట్టం వేశారా? మనవాళ్లలో చాలామంది పరిస్థితి విషమించాకే ఆసుపత్రికి చేరడంతో ముందు గొట్టంతోనే డయాలసిస్ మొదలవుతుంది. ఆ గొట్టం, అందులోనూ కాలర్ ఎముక కింద వేసినది, ఛాతీలోని పెద్ద సిరను ఇరుకు చేస్తే అదే వైపు చేతికి వేసిన ఫిస్టులా దెబ్బతింటుంది, చేయి వాస్తుంది. మధుమేహంతో గట్టిపడిన ధమనులూ, ఒకే చోట పదేపదే సూది గుచ్చడమూ నష్టమే చేస్తాయి.

కొత్త ఫిస్టులా పక్వానికి రావడానికి ఆరు వారాలో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. మెడలోని గొట్టం ఉన్నన్నాళ్లూ ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది కనుక ఆపరేషన్‌ను వాయిదా వేయకండి. ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. రోజూ పొద్దున ఆయన్నే రెండో చేతి వేళ్లతో తాకి చూసుకోమనండి: సన్నని కంపనం తెలియాలి. కంపనం తగ్గి నాడిలా బలంగా కొట్టుకుంటున్నా, సూది తీశాక రక్తం ఎంతకీ ఆగకపోయినా, మెషీన్‌లో సిర ఒత్తిడి పెరుగుతోందని టెక్నీషియన్ చెప్పినా, వెంటనే డాప్లర్ పరీక్ష (రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్) అడగండి. ఇరుకును ఆ దశలోనే బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు. కంపనం పూర్తిగా ఆగిపోతే మర్నాటి దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఎందుకంటే గడ్డ పాతబడేకొద్దీ దాన్ని తీసి ఫిస్టులాను నిలబెట్టే అవకాశం తగ్గిపోతుంది.