గిరాకీ ఉందంటే ఏ ధరకు? టెస్లా షేరుపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా అల్లుడు టెస్లా కార్లకు గిరాకీ ఎప్పుడూ తగ్గలేదని, తయారీయే అందుకోలేకపోతోందని అంటాడు. ఇక్కడ నాతోపాటు షేర్లు కొనే మిత్రుడేమో అమ్ముడుపోని కార్లు పేరుకుపోతున్నాయని వాదిస్తాడు. ఇద్దరూ అంకెలే చూపిస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, పటమట, విజయవాడ

జవాబు: ఇద్దరినీ పక్కన పెట్టి కంపెనీ కాగితాలే చూడండి. టెస్లా ప్రతి మూడు నెలలకూ, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి రోజుల్లో రెండు అంకెలు ప్రకటిస్తుంది: ఎన్ని కార్లు తయారయ్యాయి, ఎన్ని కొన్నవారి చేతికి అందాయి. మిర్చి యార్డులో వ్యాపారి ఏం చూస్తాడు? వచ్చిన టిక్కీలెన్ని, అమ్ముడైనవెన్ని, కోల్డ్ స్టోరేజీకి పోయినవెన్ని. ఇక్కడా అంతే.

2024 మొదటి మూడు నెలలు తీసుకోండి. తయారైనవి 4,33,371. డెలివరీ అయినవి 3,86,810. అంటే 46,561 కార్లు మిగిలిపోయాయి. కంపెనీ చెప్పిన కారణాలు మూడు: ఫ్రీమాంట్‌లో మార్పులు చేసిన మోడల్ 3 తయారీ ఇంకా ఊపందుకోలేదు, ఎర్ర సముద్రం గొడవలతో ఓడలు చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది, బెర్లిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎవరో నిప్పు పెట్టడంతో పని ఆగింది. మూడూ నిజంగా జరిగినవే. అయితే ఇవి ప్రధానంగా తయారీని తగ్గించే కారణాలు. తయారై గేటు దాటిన కారు కొనేవాడికి ఎందుకు చేరలేదన్నదానికి ఇవి పూర్తి జవాబు కావు. కొన్ని కార్లు ఓడల మీద ఉండి ఉండొచ్చు, అన్నీ అక్కడే ఉన్నాయనుకోవడం కష్టం. తర్వాత వచ్చే త్రైమాసిక ఫలితాల నివేదికలో 'ఎన్ని రోజులకు సరిపడా నిల్వ' అనే వరుస ఉంటుంది. అంతకుముందు త్రైమాసికంలో అది 15 రోజులు, ఇప్పుడు 28. నిల్వ పెరగడంతో సుమారు 270 కోట్ల డాలర్లు అందులో ఇరుక్కుపోయాయి. ఫ్రీ క్యాష్ ఫ్లో, అంటే ఖర్చులూ పెట్టుబడులూ పోగా చేతిలో మిగిలే నగదు, 250 కోట్ల డాలర్ల మేర మైనస్‌లోకి వెళ్లింది. ఆ త్రైమాసికం మట్టుకు మీ మిత్రుడి మాటే సరైనది.

కానీ ఒక్క త్రైమాసికంతో తీర్పు చెప్పకూడదు. 2025 మూడో త్రైమాసికంలో కథ తిరగబడింది: తయారైనవి 4,47,450, డెలివరీలు 4,97,099. రికార్డు. మీ అల్లుడుగారు చూపించేది బహుశా ఈ అంకే. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను రాయితీ ఆ సెప్టెంబరు 30తో ముగిసింది, అందుకే కొనాలనుకున్నవాళ్లు ముందే కొనేశారు. తర్వాతి మూడు నెలల్లో డెలివరీలు 4,18,227కి పడ్డాయి. 2019 జనవరి 1న ఆ రాయితీ సగానికి తగ్గినప్పుడూ ఇంతే జరిగింది: అంతకుముందు 90 వేల పైచిలుకు ఉన్న డెలివరీలు 63 వేలకు వచ్చాయి. రాయితీ గడువు మధ్యలో వస్తే, దానికి ముందూ వెనకా ఉన్న రెండు త్రైమాసికాలను కలిపి సగటు తీయండి. ఏడాది మొత్తంగా చూస్తే 2023లో 18.09 లక్షలు, 2024లో 17.89 లక్షలు, 2025లో 16.36 లక్షలు. రెండేళ్లుగా తగ్గుతున్నాయి.

ఇంతకన్నా ముఖ్యం, చాలామంది అడగని ప్రశ్న: గిరాకీ ఏ ధరకు? 2023 జనవరిలో టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ఆర్డర్లు తయారీకి దాదాపు రెట్టింపు ఉన్నాయన్నారు. ఆ మాట తప్పని అనడానికి ఆధారం లేదు. కానీ అదే నెలలో అమెరికాలో మోడల్ వై లాంగ్ రేంజ్ ధరను 65,990 డాలర్ల నుంచి 52,990కి దించారు. ఒకేసారి 13,000 డాలర్లు! ధర అయిదో వంతు తగ్గితే వచ్చే ఆర్డర్లు, పాత ధర దగ్గర గిరాకీ ఎలా ఉందో చెప్పవు. దాని ఫలితం మార్జిన్‌లో కనిపించింది. కంపెనీ మొత్తం స్థూల మార్జిన్ (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే వాటా) 2022లో 25.6 శాతం, 2023లో 18.2 శాతం. అందుకే డెలివరీ అంకె పక్కన మార్జిన్ రాసుకోండి. రెండూ పెరిగితే గిరాకీ బలంగా ఉన్నట్టు. డెలివరీ పెరిగి మార్జిన్ పడితే గిరాకీని కొనుక్కున్నట్టు. రెండూ పడితే వాదన అక్కర్లేదు.

మరో రెండు చోట్ల పొరపాటు పడే వీలుంది. మొత్తం ఆదాయం చూసి తృప్తి పడొద్దు. 2024లో అది ఒక శాతం పెరిగింది, కార్ల ఆదాయం మాత్రం 6 శాతం తగ్గింది. కరెంటు నిల్వ చేసే బ్యాటరీల వ్యాపారం ఆ లోటును కప్పేసింది. కాలుష్య నిబంధనలు అందుకోలేని ఇతర కార్ల కంపెనీలకు టెస్లా అమ్మే కాలుష్య క్రెడిట్ల వాటా లాభంలో ఎంతో కూడా విడదీయండి. 2025 మొదటి త్రైమాసికంలో నికర లాభం 40.9 కోట్ల డాలర్లు, క్రెడిట్ల ఆదాయం 59.5 కోట్లు. ఆ క్రెడిట్లే లేకపోతే అది నష్టాల త్రైమాసికం.

ప్రశ్న: మస్క్ చెప్పినవి చాలా జరగలేదు. అయినా నమ్మినవాళ్లు లాభపడ్డారు. ఆయన నిజాయితీని మదుపరి ఎలా అంచనా వేయాలి?
– ఒక సీఏ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అన్ని మాటలనూ ఒకే గాటన కట్టొద్దమ్మా. భవిష్యత్తు గురించి చెప్పింది వేరు, మాట్లాడుతున్న నిమిషంలో తనకు తెలిసి ఉండాల్సింది వేరు.

మరుసటి ఏడాదికి పది లక్షల రోబోట్యాక్సీలు (డ్రైవరు లేకుండా నడిచే ట్యాక్సీలు) రోడ్డెక్కుతాయని ఆయన 2019 ఏప్రిల్‌లో అన్నారు. ఆస్టిన్‌లో సేవ మొదలైంది 2025 జూన్‌లో, అదీ కొద్దిపాటి కార్లతో, ముందు సీట్లో కంపెనీ మనిషిని కూర్చోబెట్టి. ఇది అతి ఆశ. టెక్నాలజీ గడువులను ఆయన నోట విన్నప్పుడు వాటిని లెక్కలోకి తీసుకోకుండా షేరు విలువ కట్టడం మంచిది.

2018 ఆగస్టు 7 నాటి ట్వీట్ అలాంటిది కాదు. షేరుకు 420 డాలర్ల చొప్పున కంపెనీని ప్రైవేటుగా మార్చే ఆలోచన ఉందని, నిధులు ఖాయమయ్యాయని రాశారు. నిధులు ఖాయమయ్యాయా లేదా అన్నది రాసేవాడికి ఆ క్షణంలోనే తెలుసు. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు వేసింది. రాజీలో ఆయన 2 కోట్ల డాలర్లు, కంపెనీ మరో 2 కోట్లు జరిమానా కట్టాయి. ఆయన ఛైర్మన్ పదవి వదులుకున్నారు. మదుపరులు వేసిన దావాలో మాత్రం 2023 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయన్ని బాధ్యుడిగా తేల్చలేదు, అదీ చెప్పాలి.

మా దృష్టిలో వీటన్నిటికన్నా బరువైనది 2022 నాటిది. తన టెస్లా షేర్లు ఇక అమ్మే ఆలోచన లేదని ఏప్రిల్‌లో రాశారు. ఆగస్టులో దాదాపు 690 కోట్ల డాలర్ల షేర్లు అమ్మారు. నవంబరులో, డిసెంబరులో మళ్లీ అమ్మారు. ఫ్యాక్టరీ, బ్యాటరీ, ప్రభుత్వ అనుమతి ఏదీ అడ్డురాని, పూర్తిగా తన చేతిలో ఉన్న విషయం అది. ఇలాంటివి తెలుసుకోవడానికి ట్వీట్లు చూడక్కర్లేదు. కంపెనీ పెద్దలు షేర్లు కొన్నా అమ్మినా రెండు పనిదినాల్లో ఎస్ఈసీకి 'ఫారం 4' ఇవ్వాలి. అది ఎస్ఈసీ వారి ఎడ్గార్ సైట్‌లో ఎవరికైనా ఉచితం.

ఇంకో సంగతి. కంపెనీ రాతకూ ఆయన మాటకూ మధ్య తేడా ఉంటుంది, రాతే నిక్కచ్చి. కొన్నేళ్ల పాటు సగటున ఏటా 50 శాతం వృద్ధి సాధిస్తామని 2021 జనవరిలో రాశారు. డెలివరీలు 2021లో 87 శాతం, 2022లో 40, 2023లో 38 శాతం పెరిగాయి. మూడేళ్ల సగటు తీస్తే 50 దాటుతుంది, కాబట్టి అప్పటివరకు మాట తప్పారనలేం. 2024లో వృద్ధి బాగా తగ్గొచ్చని ఆ ఏడాది జనవరిలోనే కాగితం మీద పెట్టారు. చదివినవాళ్లకు హెచ్చరిక ముందే అందింది.

ప్రశ్న: ముంబయిలో షోరూం తెరిచారు కదా, మన దేశం అమ్మకాలు షేరుకు కలిసొస్తాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పట్లో కాదు. 2025 జులైలో మోడల్ వై 59.89 లక్షల నుంచి మొదలైంది. దిగుమతి సుంకంతో వచ్చే కారు అది. ఏటా 16 లక్షల కార్లమ్మే కంపెనీ లెక్కల్లో ఇక్కడి అమ్మకాలు కనిపించవు.

ప్రశ్న: కంపెనీ మాటను అంకెలతో సరిచూసే ఈ పరీక్ష మన విద్యుత్ వాహన కంపెనీలకు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: పెట్టొచ్చు. పైగా మనకు వాహన రిజిస్ట్రేషన్ల లెక్కలు చూపే ప్రభుత్వ సైట్, వాహన్ డాష్‌బోర్డ్ ఉంది. వై యాక్సిస్‌లో 'మేకర్', ఎక్స్ యాక్సిస్‌లో 'మంత్ వైజ్' ఎంచుకుని, ఇంధనంలో 'ఎలక్ట్రిక్ (బీఓవీ)', 'ప్యూర్ ఈవీ' రెండూ టిక్ చేయండి. ఒకటే టిక్ చేస్తే లెక్క తక్కువ వస్తుంది. తెలంగాణ రిజిస్ట్రేషన్లు చాలాకాలం ఇందులో కలిసేవి కావు, పాత నెలలు పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోండి. 2025 ఫిబ్రవరిలో ఓలా ఎలక్ట్రిక్ 25 వేలకు పైగా అమ్మామంది. వాహన్‌లో కనిపించినవి 8,600 చిల్లర. రిజిస్ట్రేషన్ ఏజెన్సీలతో ఒప్పందాలు మార్చుకుంటున్నందువల్లే ఆలస్యమని కంపెనీ వివరించింది. ఇలాంటి వివరణ విన్నప్పుడు తర్వాతి రెండు మూడు నెలల రిజిస్ట్రేషన్లు కలిపి చూడండి. ఆలస్యమే అయితే ఆ లోటు అక్కడ పూడాలి.

ప్రశ్న: టెస్లా షేర్లు కొనడానికి విజయవాడ నుంచి డబ్బు పంపితే పన్ను సంగతేమిటి?
– ఒక వ్యాపారి, గవర్నర్‌పేట

జవాబు: ఆర్‌బీఐ పథకం కింద మనిషికి ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. 15 లక్షలు పంపితే లక్ష. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. షేర్లు 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం, లోపే అమ్మితే మీ శ్లాబు ప్రకారం.

ఎక్కువమంది తప్పు చేసేది ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో. అక్కడ చూపాల్సింది ఏప్రిల్–మార్చి కాదు, జనవరి–డిసెంబరు. 2024–25 ఆర్థిక సంవత్సరం రిటర్న్‌లో 2024 డిసెంబరు 31తో ముగిసిన ఏడాది వివరాలు రావాలి. 2025 ఫిబ్రవరిలో కొన్న షేర్లు ఆ మరుసటి రిటర్న్‌లోకి వస్తాయి. ఐటీఆర్-1లో ఈ షెడ్యూలే ఉండదు, ఐటీఆర్-2 లేదా 3 వేయాలి. ఇంకొకటి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి: మదుపరి చనిపోయేనాటికి అమెరికా షేర్లు, ఇతర అమెరికా ఆస్తుల విలువ 60 వేల డాలర్లు దాటితే అక్కడి ఎస్టేట్ ట్యాక్స్ వర్తిస్తుంది. ఆ పన్ను 40 శాతం వరకు ఉంటుంది.