మిరపకాయలోని క్యాప్సైసిన్ నోటి మంట తగ్గిస్తుందా?

పుండు గిండు ఏమీ కనపడకుండానే నెలల తరబడి నాలుక మండేవాళ్లలో కొంతమందికి క్యాప్సైసిన్ నిజంగానే ఉపశమనం ఇస్తుంది, జబ్బును మాత్రం మాన్పదు. ఎట్లంటే, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి నరాల కొసల్లో ఉంటుంది, క్యాప్సైసిన్ పోయి దాన్నే తట్టి లేపుతుంది, అందుకే వేడి లేకున్నా మంట, కానీ రోజూ తడుతుంటే ఆ నరం అలిసిపోయి మెదడుకు కబురు పంపడం తగ్గిస్తుంది. కడపలో ఎర్రకారం దోసె రోజూ తినేవాళ్లు చెమట కూడా పట్టకుండా తినేస్తారు, బయటూరి చుట్టానికి మొదటి ముక్కకే ముక్కూ కళ్లూ కారతాయి, అదే సంగతి.

చాలామంది పొరబడేది ఏందంటే, అట్లయితే కారం ఎక్కువ తింటే సరిపాయె అని. కాదు, డాక్టర్లు ఇచ్చేది బాగా పలుచన చేసిన మందు, పుక్కిలించి ఉమ్మేయాల్సింది, మొదట్లో మంట ఇంకా పెరుగుతుంది కూడా. గుట్కా, వక్క నమిలేవాళ్లకు మంటతో పాటు నోరు సరిగా తెరుచుకోకపోతే అది వేరే జబ్బు, వెంటనే పళ్ల డాక్టర్‌కు చూపించాల్సిందే.