సర్వర్ గది కోసం నాన్నగారి ఇల్లు తాకట్టా?

ప్రశ్న: నా వయసు 38. విజయవాడలో అద్దె ఆఫీసులో, నా ఒక్కడి పేరు మీదే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. 40 దాకా డయాగ్నస్టిక్ ల్యాబులకు బిల్లింగ్, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాం. వాళ్ల డేటా మా ఆఫీసులోని 4 సర్వర్లలో ఉంటుంది. అవి కొని నాలుగేళ్లయింది. మే నెలలో ఒక ఆదివారం ఏసీ ఆగిపోయి సర్వర్లన్నీ పడిపోయాయి. మళ్లీ లేపేసరికి మంగళవారమైంది. ఇద్దరు కస్టమర్లు వెళ్లిపోయారు. అందుకే 25 లక్షలతో పక్కా సర్వర్ గది కట్టాలనుకుంటున్నాను. నాన్నగారి ఇంటిపై 16 లక్షల రుణం (11 శాతం, 7 ఏళ్లు), 10 లక్షల చీటీ ఇప్పుడే పాడుకుంటే 7 లక్షలు, మిగతా 2 లక్షలు ఎఫ్‌డీ నుంచి. హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్ (పలు కంపెనీల సర్వర్లను అద్దెకు పెట్టుకునే భవనం) ఇంటర్నెట్, 2 కేవీఏ కరెంటు కలిపి పావు ర్యాక్‌కు (సర్వర్లు బిగించే బీరువాలో నాలుగో వంతుకు) నెలకు 26,000 చెప్పింది. ఏటా 3 లక్షలు అద్దె కట్టడం వృథా అనిపిస్తోంది. గదిలో మిగిలిన చోటు వేరే కంపెనీలకు ఇస్తే కిస్తీ దానంతటదే తీరుతుందని మా బావమరిది సలహా. వ్యాపార ఖర్చులు నెలకు 1.7 లక్షలు. అవి పోను నాకు 1.15 లక్షలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 70,000, చీటీ 20,000 (ఇంకా 31 నెలలు). ఎఫ్‌డీ 4 లక్షలు, ఫండ్లలో 3 లక్షలు ఉన్నాయి. 10 లక్షల ఎండోమెంట్ పాలసీ, భార్యాపిల్లలతో కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, నాన్నగారి ఇంటి దస్తావేజులు బీరువాలోంచి తీయకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇన్ని ఉత్తరాల్లో మీదే ఎంచుకోవడానికి కారణం ఉంది. అద్దె అంటే వృథా, కిస్తీ అంటే ఆస్తి అనే లెక్క మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఇంటి విషయంలో ఆ లెక్కను కొంతవరకు ఒప్పుకోవచ్చు. యూపీఎస్ బ్యాటరీల విషయంలో ఒప్పుకోవడానికి ఏముంది? మూడు నాలుగేళ్లకు అవి తుక్కు కింద పోతాయి. పైగా మీరున్నది అద్దె భవనం. ఫాల్స్ ఫ్లోరింగ్, కేబుల్ ట్రేలు, మంటలార్పే గ్యాస్ పైపులు, గోడకు బిగించిన ఏసీలు... రేపు యజమాని ఖాళీ చేయమంటే వీటిలో ఎన్ని విప్పుకుని తీసుకెళ్తారు? మీ అద్దె ఒప్పందం ఎన్నేళ్లకో మీరు రాయలేదు. అప్పు మాత్రం ఏడేళ్లకు.

కిస్తీ లెక్క చూద్దాం. 16 లక్షలకు 11 శాతం చొప్పున 7 ఏళ్లంటే నెలకు దాదాపు 27,400. అద్దె ఎందుకు దండగ అని మీరు వద్దనుకుంటున్నది 26,000. కిస్తీ ఒక్కటే అంతకన్నా ఎక్కువ. డీజిల్, ఏఎంసీలు (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందాలు), బ్యాటరీలు దానికి అదనం. మీ 1.15 లక్షల్లో ఇంటి ఖర్చూ చీటీ పోతే మిగిలేది 25,000. అంటే మొదటి నెల నుంచే లోటు. ఆ లోటును క్రెడిట్ కార్డు పూడుస్తుంది, కార్డును పర్సనల్ లోను పూడుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నా దగ్గరికి వచ్చేవాళ్ల ఫైళ్లు తిరగేస్తే తెలుస్తుంది. చీటీ కూడా అప్పే. 3 లక్షలు వదులుకుని 7 లక్షలు చేతికి తీసుకుని, మిగిలిన 31 నెలలూ 20,000 చొప్పున కడుతూనే ఉంటారు. 3 లక్షలంటే దాదాపు ఏడాది డేటా సెంటర్ అద్దె. దాన్ని పాటలో వదిలేయడానికి మీకు మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు.

ఇంకో పొరపాటు కూడా ఉంది. 26,000 అద్దెను మీరు సున్నాతో పోలుస్తున్నారు. ఇప్పుడు మీకు సర్వర్ గది ఊరికే రావడం లేదు. ఒక్కో సర్వర్ 300 వాట్ల చొప్పున నాలుగూ కలిపి 1.2 కిలోవాట్లు లాగుతాయి. లాగిన కరెంటంతా వేడిగా మారి గదిలోకే వస్తుంది. దాన్ని బయటికి తోయడానికి ఏసీ కావాలి, పైన యూపీఎస్ నష్టం. అన్నీ కలిపి 2 కిలోవాట్లు అనుకుంటే, పగలూ రాత్రీ నడిచే గదికి నెలకు 1,440 యూనిట్లు. యూనిట్ పది రూపాయల లెక్కన 14,400. సర్వర్ల కోసం ప్రత్యేకంగా తీసుకున్న మీ ఇంటర్నెట్ లైన్ (లీజ్డ్ లైన్) 9,000 ఉంటుందనుకుంటే మొత్తం 23,400. ఆఫీసుకు మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంచుకోవాలి కాబట్టి, డేటా సెంటర్‌కు మారితే దాని బిల్లు కూడా కలిపి నిజంగా పెరిగే ఖర్చు నెలకు దాదాపు నాలుగు వేలు. మీ కరెంటు బిల్లూ లైన్ బిల్లూ పక్కన పెట్టుకుని ఈ అంకెలు సరిచూసుకోండి. అద్దెపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగొస్తుంది.

సొంత సర్వర్లున్న కంపెనీలు కూడా, పెద్దవాటితో సహా, వాటిని తీసుకెళ్లి పదిమందితో పాటు ఒకే భవనంలో ఎందుకు పెడతాయి? నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లో జనరేటర్‌ను, వాచ్‌మన్‌ను అందరూ పంచుకున్నట్టే. రెండు వైపుల నుంచి కరెంటు, ఒకటి చెడితే ఇంకొకటి అందుకునేలా యూపీఎస్‌లూ జనరేటర్లూ, పొగను పసిగట్టే పరికరాలు, తలుపు దగ్గర ఇరవై నాలుగు గంటలూ మనిషి. ఇవన్నీ నాలుగు సర్వర్లకు పెట్టినా నాలుగు వందలకు పెట్టినా మొదటి ఖర్చు భారీగానే ఉంటుంది. టైర్-3 స్థాయి అని వాళ్లు చెప్పేదానికి అర్థం, ఏ యంత్రాన్నైనా మరమ్మతుకు ఆపినా మీ సర్వర్ ఆగకూడదని. మీ మే నెల ఆదివారం సరిగ్గా అక్కడే దెబ్బతింది. ఒకటే ఏసీ, అది ఆగితే రెండోది లేదు, సెలవు రోజు కాబట్టి చూసే మనిషీ లేడు. ఇంటి కోసం చేసిన స్ప్లిట్ ఏసీ విజయవాడ ఎండల్లో విరామం లేకుండా నడుస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది.

ఇంటర్నెట్ సంగతీ అంతే. ఆఫీసులో రెండు కంపెనీల లైన్లు తీసుకున్నా, రెండూ వీధి చివర ఒకే స్తంభం మీదుగా వస్తుంటాయి. ఒక్క జేసీబీ చాలు. డేటా సెంటర్‌లోకి అనేక కంపెనీల ఫైబర్ వేర్వేరు దారుల్లో వస్తుంది. మీ అవసరానికి పావు ర్యాక్ సరిపోతుంది కూడా. పూర్తి ర్యాక్ 42 యూలు, ఒక యూ అంటే 1.75 అంగుళాల ఎత్తు. మీ నాలుగు సర్వర్లూ రెండేసి యూలవైతే ఎనిమిది, ఫైర్‌వాల్, స్విచ్‌లకు రెండు. పది యూలకు అద్దె కట్టి, భవనమంతటి ఏర్పాట్లనూ వాడుకుంటారు.

క్లౌడ్‌కు, అంటే వేరే కంపెనీ సర్వర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే పద్ధతికి, వెళ్లొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. పగలూ రాత్రీ ఒకే తీరున నడిచే పనికి, సర్వర్లు ఇప్పటికే చేతిలో ఉన్నప్పుడు, నెల బిల్లు చూసుకున్నాకే అటు అడుగేయండి.

బావమరిది గారి సలహా గురించి ఒక్క మాట. మీ సొంత నాలుగు సర్వర్లకే ఆదివారం మనిషి లేని చోట ఇంకొకరి సర్వర్లకు పూచీ పడతారా?

ఇక నేను ఎవరికైనా ముందు చెప్పే సంగతి. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. ఎఫ్‌డీ ఉంది కదా అంటారేమో. అందులోంచే రెండు లక్షలు గదికి తీద్దామనుకున్నారంటే అది అత్యవసర నిధి కాదన్నట్టే. ఇంటికి ఆరు నెలల ఖర్చు 4.2 లక్షలు, వ్యాపారానికి మూడు నెలల ఖర్చు 5.1 లక్షలు. మొత్తం 9.3 లక్షలు ఉండాలి. ఈ రెండింటినీ వేర్వేరు ఖాతాల్లో పెట్టండి. కలిపితే ముందు జీతాలకే పోతుంది. ఫండ్లు కలుపుకున్నా మీకు 2.3 లక్షలు తక్కువ. కొత్త అప్పు లేకపోతే ఆ లోటు ఏడాదిలో పూడుతుంది. అప్పు చేస్తే ఎప్పటికీ పూడదు.

డేటా సెంటర్‌కు వెళ్లేవాళ్లకు ఈ నిధి మరీ అవసరం. ఒప్పందం చిన్న అక్షరాలదాకా చదవండి. అద్దె బకాయి పడితే లోపలికి రానివ్వరు. బాకీ తీరేదాకా మీ పరికరాలు వాళ్ల దగ్గరే ఉంచుకునే హక్కు రాసుకునే ఒప్పందాలు సాధారణం. మీ సర్వర్లు, మీ కస్టమర్ల రిపోర్టులు లోపల, మీరు బయట. కాబట్టి వ్యాపార నిధిలో మూడు నెలల ర్యాక్ అద్దెను కదపకుండా ఉంచండి. లాక్-ఇన్ (మధ్యలో వదిలి వెళ్లలేని గడువు) ఎన్ని నెలలు, ఏటా ఎంత శాతం పెంచుతారు, 2 కేవీఏ దాటితే ఏమడుగుతారు, డిస్క్ మార్చడానికి వాళ్ల మనిషి చేయి వేస్తే గంటకెంత అనేవి సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి డిస్కుకూ మీరు విజయవాడ నుంచి బస్సెక్కలేరు. మంగళగిరిలోనూ డేటా సెంటర్ ఉంది, అక్కడా ధర అడగండి.

రెండోది బీమా. డేటా సెంటర్లో పెట్టాం కదా, ఇక వాళ్లే చూసుకుంటారని చాలామంది అనుకుంటారు. వాళ్ల బీమా వాళ్ల భవనానికి. మీ సర్వర్ కాలిపోతే ఒప్పందం ప్రకారం మీకు దక్కేది మామూలుగా అద్దెలో కొంత తగ్గింపు మాత్రమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా తగలబడింది. వేరే చోట కాపీ లేని కస్టమర్లలో కొందరి డేటా తిరిగి రానే లేదు. అందుకే సొంత గది మేలంటారా? 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా ప్రభుత్వం దేజన్‌లో తన సొంత డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల మంటలతో ఉద్యోగుల ఫైళ్లు దాచే జి-డ్రైవ్‌ను పోగొట్టుకుంది. 858 టెరాబైట్లు, ఇంకో చోట కాపీ లేదు. అంత దూరం ఎందుకు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో మిగిలిందేమిటో మీ ఊరివాళ్లకు నేను చెప్పాలా?

కాబట్టి సర్వర్లకు ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ తీసుకోండి. బీమా మొత్తం ఇవాళ కొత్త సర్వర్ కొనాలంటే ఎంతవుతుందో అంత ఉండాలి. పాత ధరకు తక్కువ రాయిస్తే క్లెయిమ్‌లోనూ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. డేటా తిరిగి ఎక్కించే ఖర్చు అందులో వేరే విభాగం, అడిగి చేర్పించుకోవాలి. పాలసీ ఏ చిరునామాకు రాశారో అక్కడి నష్టానికే చెల్లుతుంది. సర్వర్లు బండెక్కే ముందే కొత్త చిరునామాను బీమా కంపెనీతో పాలసీలో ఎండార్స్ (నమోదు) చేయించండి, ప్రయాణానికి ట్రాన్సిట్ కవర్ కూడా అడగండి. రోగుల వివరాలు మీ దగ్గరున్నాయి కాబట్టి సైబర్ పాలసీ కొటేషన్ కూడా తెప్పించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ల్యాబులు ఆ భారాన్ని ఒప్పందాల్లో మీ మీదికే నెట్టాలని చూస్తాయి.

సర్వర్లకన్నా ముందు బీమా కావాల్సింది మీకు. వ్యాపారం మీ ఒక్కరి పేరు మీద ఉందంటే దాని బాకీలన్నీ మీ సొంత బాకీలే. మీకేమైనా అయితే ఆ పది లక్షల ఎండోమెంట్ ఇంటి ఖర్చుకు ఏడాది పైన ఒకట్రెండు నెలలు వస్తుంది. కనీసం 1.5 కోట్ల టర్మ్ పాలసీ, అదీ వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, ఈ నెలలోనే తీసుకోండి. ఆ డబ్బు భార్యాపిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్ల చేతికి పోదు. నాన్నగారు, అమ్మగారు మీ ఆరోగ్య బీమాలో లేరు. ఇల్లు తాకట్టుకు పనికొచ్చిన మనిషి ఆసుపత్రి ఖర్చుకు లెక్కలోకి రాకపోవడం ఏం బాగుంది? వాళ్లకు విడిగా పాలసీ చూడండి. వయసు రీత్యా ప్రీమియం ఎక్కువే ఉంటుంది, అయినా తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై జీఎస్టీ లేదు, ఆ మేరకు కలిసొస్తుంది.

వరస ఇదీ: టర్మ్, ఆరోగ్య పాలసీలు ముందు. తర్వాత పావు ర్యాక్, తక్కువ లాక్-ఇన్‌తో. విజయవాడ ఆఫీసులో ఒక చిన్న బ్యాకప్ యంత్రం ఉంచి రోజూ రాత్రి కాపీ అందులోకి రప్పించండి, నెలకోసారి అందులోంచి ఒక ల్యాబు డేటా తెరిచి చూడండి. చీటీ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. చివరిదాకా ఆగితే కోత లేకుండా దాదాపు పూర్తి మొత్తం చేతికొస్తుంది. అప్పటికి మీ సర్వర్లకు ఆరేళ్లు దాటి ఉంటాయి. కొత్తవి కొనడానికి అప్పు అవసరం ఉండదు.